నాలుక ఎత్తండి

"నోరు తెరవండి. నాలుక ఎత్తండి" అన్నాను. అంతే, ఉదయం ఏడింటికే మా ఇంట్లో రభస మొదలైంది.

అత్తయ్యకి బీపీ మాత్ర ఇచ్చి, నీళ్ళ గ్లాసు అందించాను. ఆవిడ గుటక వేయగానే నా చెయ్యి, ఒంటిమీద లేని కోటు జేబులో టార్చిలైటు కోసం వెతికింది. చెయ్యి తెలివి తెచ్చుకునేలోపే నోరు పని పూర్తి చేసేసింది. ఎనిమిదేళ్ళుగా రోజుకి రెండు పూటలా, నూట పదిమంది ఆడవాళ్ళతో అనే మాటలవి. మహిళా జైల్లో నర్సుని నేను. మాత్ర ఇవ్వడంతో మా పని అయిపోదు. మింగారో లేదో చూడాలి. నాలుక కింద దాచి, తర్వాత తీసి, ఇరవై పోగుచేసి ఒక్కసారే మింగినవాళ్ళని నేను స్ట్రెచరు మీద మోశాను.

అత్తయ్య గ్లాసు టక్కున పెట్టింది. "విన్నావురా? నీ పెళ్ళాం నన్నూ ఖైదీల్లో కలిపేసింది. రేపో మాపో నెంబరు కూడా ఇస్తుంది."

మా ఆయన షేవింగు నురగ మొహంతోనే బయటికొచ్చాడు. "ఇది ఇల్లనుకున్నావా, జైలనుకున్నావా?"

"అలవాటులో వచ్చేసిందండీ."

"అందుకే నేను మొత్తుకునేది. ఆ అలవాటు మానిపించాలనే రెండేళ్ళుగా నీ బదిలీ కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నా. పెద్దాసుపత్రికి వెళ్ళిపోతే గొడవే ఉండదు."

"సంతకి వచ్చిన పశువునా నేను, నోరు తెరిచి పళ్ళు చూపించడానికి?" అని అత్తయ్య ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను ఆ మాటలు వినలేదు. ఆవిడ 'స' విన్నాను. మెత్తగా, తడిగా, కొంచెం పక్కకి జారిపోతోంది. నాలుక కింద మాత్ర ఉన్నవాళ్ళకి 'స' సరిగా పలకదు. నాకు అది కంటికి కనిపించినంత స్పష్టంగా తెలిసింది. అయినా వెళ్ళి టిఫిన్ డబ్బాలు కట్టాను. ఆ ఉదయానికి ఒక రభస చాలు.

ఆయన నా ఉద్యోగం గురించి బయట ఎక్కడా అబద్ధం చెప్పడు. నిజమూ చెప్పడు. "గవర్నమెంటులో చేస్తుంది" అంటాడు. ఎవరైనా గుచ్చి అడిగితే, "ఆరోగ్య శాఖ" అంటాడు. నా జీతం వచ్చిన రోజున మాత్రం దానికి జైలు వాసన ఉండదు. కిందటి నెల అమ్మాయి స్కూలు ఫారం నా చేతికొచ్చింది. తల్లి వృత్తి అన్నచోట ఆయన గుండ్రని అక్షరాలతో 'గృహిణి' అని రాసి ఉంది. "ఎందుకలా?" అని అడిగాను. "రాస్తే ఏం పోయింది? ఇంటిపనీ నువ్వే చేస్తావుగా" అని నవ్వాడు. ఇంటిపని నేను చేస్తానని ఆయన ఒప్పుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే. పన్నెండేళ్ళ మా అమ్మాయి ఫారం తిరిగి తీసుకుంటూ నా మొహం చూసి, ఏమీ అనకుండా బ్యాగులో పెట్టుకుంది. అనకపోవడం అది అప్పుడే నేర్చుకుంటోందని నాకు ఆ రోజే భయమేసింది.

జైలు గేటు దగ్గర ఫోను, తాళాలు, పర్సు ఇచ్చేసి లోపలికి వెళ్ళగానే కబురు. సూపరింటెండెంటు మేడమ్ రమ్మంటున్నారట.

ఎందుకో నాకు తెలుసు. సోమవారం మధ్యాహ్నం టైలరమ్మని నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె కూడా ఖైదీయే, కుట్టు విభాగంలో అందరి బట్టలూ ఆమే కుడుతుంది. టార్చి బరువుకి చిరిగిన నా కోటు జేబుకి రెండో వరస కుట్టు వేసి పెట్టింది కూడా ఆమే. పెదాలు గట్టిగా బిగించి నిలబడి ఉంది. నేను అడగకముందే వెనకాలున్న వార్డరు, "బాత్రూంలో జారిపడింది సిస్టర్" అంది. అడగకముందే వచ్చే జవాబుని నేను ఎనిమిదేళ్ళుగా గుర్తుపడుతున్నాను.

"నోరు తెరువమ్మా. నాలుక ఎత్తు."

తెరిచింది. ఎడమ దవడ పన్ను సగానికి విరిగి ఉంది. బుగ్గ లోపలి భాగం ఆమె పళ్ళకే తెగి వేలాడుతోంది. బయట అదే బుగ్గ మీద నాలుగు వేళ్ళ గుర్తులు. రెండు జబ్బల మీద బొటనవేళ్ళు నొక్కిన మచ్చలు. జారిపడితే దెబ్బ తగలొచ్చు. కానీ నేలకి వేళ్ళుండవు.

వార్డరుని వేడినీళ్ళు తెమ్మని పంపి, "రాయమంటావా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడక్కుండా రాయకూడదు. నేను సాయంత్రం ఇంటికి పోతాను. ఆమె అక్కడే ఉంటుంది.

"రాయండి సిస్టరమ్మా. రాసినా కొడతారు, రాయకపోయినా కొడతారు. రాస్తే కొట్టారని ఒకచోటైనా ఉంటుంది."

గాయాల పత్రంలో చూసింది చూసినట్టు రాశాను. డాక్టరు గారు వారానికి రెండుసార్లు వస్తారు. కాఫీ తాగేలోపు సంతకాలన్నీ అయిపోతాయి. దీని మీదా అలాగే పెట్టి వెళ్ళారు. టైలరమ్మ అక్క ములాఖత్‌కి వచ్చి, ఆ బుగ్గ చూసి, కోర్టులో అర్జీ పెట్టింది. శుక్రవారం పదకొండు గంటలకి జడ్జి గారు స్వయంగా విచారణకి వస్తున్నారు. ఈరోజు గురువారం.

మేడమ్ నాకు కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. ఎనిమిదేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"మీరు నర్సు, సిస్టర్. పోలీసు కాదు. ఎలా తగిలిందో కనిపెట్టడం మీ పని కాదు కదా."

"కనిపెట్టలేదు మేడమ్. కనిపించింది రాశాను."

ఆవిడ ఖాళీ గాయాల పత్రం ఒకటి నా ముందుకు జరిపారు. "పాతది నీళ్ళు పడి పాడైపోయింది. కొత్తది రాసేయండి. 'జారిపడటం వల్ల.' నోటి లోపలి సంగతి అక్కర్లేదు. దాన్ని ఎవరు చూడొచ్చారు?" తర్వాత పేపరువెయిట్ కింద నుంచి ఇంకో కాగితం తీశారు. నా బదిలీ ఉత్తర్వు. పెద్దాసుపత్రి, పగటి డ్యూటీ. "మీవారు ఎంత తిరిగారో నాకు తెలుసు. రేపు పొద్దున ఆ పత్రం ఇచ్చి ఇది తీసుకెళ్ళండి. ఇంట్లో కూడా ఒకమాట అడగండి. ఇంట్లోవాళ్ళు మన మంచే కోరతారు."

మధ్యాహ్నం మందుల వేళకి టైలరమ్మ వరసలో వచ్చింది. మాత్ర మింగి, నేను అడగకముందే నోరు తెరిచి నాలుక ఎత్తింది. టార్చి వేశాను. వాపు తగ్గలేదు. నోరు మూసి, వార్డరుకి వినబడనంత మెల్లగా అంది: "దీని లోపల చూసింది మీరొక్కరే."

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వరండాలో పూలకుండీ దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య ఉదయం మొహం కడుక్కునేది అక్కడే. పైమట్టి పుల్లతో కదిపితే, తెల్లటి మాత్రలు, సగం కరిగి, పదకొండు. కొన్ని మట్టిలో పూర్తిగా కలిసిపోయి ఉంటాయి.

వెనక అత్తయ్య.

"ఎందుకత్తయ్యా?"

"అది వేసుకుంటే పది నిమిషాలకోసారి బాత్రూంకి పరుగెత్తాలే. ఒక్కోసారి అందుకోలేను. చీరలు నేనే ఉతుక్కుని ఆరేసుకుంటున్నా, చూశావా ఎప్పుడైనా?" గొంతు కోపంగానే ఉంది. కళ్ళు నా వైపు లేవు.

"ఒక్క మాట చెబితే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించేదాన్ని కదా. బీపీ ఎంత పెరిగిపోయి ఉంటుందో!"

"ఎవరికి చెప్పను? మగపిల్లాడికా? మీ మావగారున్నప్పుడు కూడా నోరు తెరిచి నాకిది కావాలని ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు దీని కోసం తెరవనా?"

ఎనిమిదేళ్ళుగా నేను వెతుకుతున్నది మాత్రల్ని మాత్రమే అనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి బీపీ చూశాను. ఎక్కువే ఉంది. డాక్టరుకి ఫోను చేసి, ఆయన చెప్పిన వేరే మాత్ర పక్కవీధి మందుల షాపు నుంచి తెప్పించి వేశాను. ఈసారి నాలుక ఎత్తమనలేదు.

ఆయన స్వీటు డబ్బాతో వచ్చాడు. మేడమ్ ఆయన ఆఫీసుకే ఫోను చేశారట. ముగ్గురికీ వడ్డించాను. "ఇక మీ అమ్మ మామూలు నర్సే" అన్నాడు అమ్మాయితో. "ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పుకోవచ్చు." నా వైపు తిరిగి, "ఆ కాగితమేదో పొద్దున్నే రాసిచ్చెయ్. ఒక్క సంతకానికి నీ చెయ్యేం అరిగిపోదు" అన్నాడు.

అందరూ తిన్నాక తినడం నాకు అలవాటు. ఆ రోజు నా కంచం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన కూర గిన్నె కోసం చాచిన చెయ్యి అలాగే ఆగింది. ఇంకెవరూ లేచి వడ్డించేవాళ్ళు లేరు.

"సంతకం పెట్టనండీ. బదిలీ నాకొద్దు. రేపు జడ్జి గారికి నేను చూసింది చెప్తాను."

"మతి పోయిందా? ఒక హంతకురాలి కోసం..."

"ఆమె ఏం చేసిందో కోర్టు చూసుకుంటుంది. ఆమె నోట్లో ఏముందో నేను చూశాను."

"ఈ ఉత్తర్వు పోతే ఇంకోటి రాదు. అడవిలో పారేస్తారు నిన్ను. అప్పుడు ఈ ఇల్లెవరు చూస్తారు?"

"గృహిణి అని రాసింది మీరేగా. ఇల్లు చూడ్డానికి మనిషి కావాలంటే ముందు నా పని ఏమిటో సరిగ్గా రాయండి." అమ్మాయి వైపు చూశాను. "రేపు టీచరుగారి దగ్గర ఆ ఫారం అడిగి తీసుకురా. అది కొట్టేసి, జైల్లో నర్సు అని రాద్దాం."

"పెన్నుతోనా అమ్మా?" అంది అది, మెల్లగా.

"పెన్నుతోనే."

ఆయన బల్ల మీద చెయ్యి చరిచాడు. "నోర్మూసుకుని తిను!"

అత్తయ్య కూర గిన్నె నా కంచం పక్కకి జరిపింది. "అచ్చం వీడి నాన్న మాట. నన్నూ ఇలాగే అనేవారు" అంది ఎవరితోనో అన్నట్టు. ఆ మాటల్లో 'స' లేదు, కానీ ప్రతి అక్షరమూ శుభ్రంగా పలికింది.

"నోళ్ళు తెరిపించడమే నా ఉద్యోగమండీ" అన్నాను. "రేపు పదకొండింటికి నాది తెరుస్తాను."

అని, మొదటి ముద్ద కలుపుకున్నాను.