పొడుగు మామయ్య మకాం

అత్త వంటమనిషి, కోడలు టీచరు. ఇద్దరూ ఒకే బడిలో పనిచేస్తే ఏమవుతుందో నన్నడగండి. తరగతిలో ఆమె నిప్పు రాజేస్తుంది, వంటింట్లో నాకు సెగ తగులుతుంది.

మాది నాలుగైదేళ్ల పిల్లల బడి. మధ్యాహ్నం భోజనాలు అక్కడే. అన్నం తింటారు, కూరముక్కలు మాత్రం పళ్లెం అంచున బుద్ధిగా పేర్చి నాకు వాపసు పంపుతారు. చూసీ చూసీ బడి నడిపే పెద్దమేడం ఒక మాట అనేసింది.

"శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే పారబోస్తుంటే వంటిల్లు మూసేద్దాం. బయటి నుంచి ప్యాకెట్లు తెప్పిద్దాం."

నా చేతివంట బదులు ప్యాకెట్లా! ఒళ్లు మండిపోయింది. ఆ వెనకే భయమూ వేసింది. ఆ పొయ్యి దగ్గర లేకపోతే నేనేమైపోతాను?

"కంగారు పడకండి అత్తయ్యా, నాకొదిలేయండి" అంది కోడలు. నాకు అసలు కంగారు అప్పుడే మొదలైంది.

సోమవారం ఆమె నా బుట్టలోని కూరగాయలన్నిటికీ కాగితం కళ్లు అంటించి, తరగతిలో బల్ల మీద కూర్చోబెట్టింది. "పిల్లలూ, వీళ్లంతా మన చుట్టాలు" అంటూ పరిచయం చేసింది. క్యారెట్టు పొడుగు మామయ్య. క్యాబేజీ దుప్పట్ల తాతయ్య, ఎన్ని కప్పుకున్నా చలి తీరదట. టమాటా సిగ్గుల పిన్ని. బీన్స్ సన్నన్నయ్యలు. పిల్లలు కేరింతలు కొట్టారు, ముద్దులు పెట్టారు, మామయ్య నావాడంటే నావాడని జుట్లు పట్టుకున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తూ, ఫర్వాలేదే, పిల్లకు బుర్ర ఉంది అనుకున్నాను.

మధ్యాహ్నం వడ్డించాను.

"ఇదేంటి?" అంది బుడంకాయ. తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల, ముఖంలో సగం కళ్లద్దాలే.

"క్యారెట్టు, క్యాబేజీ కూరమ్మా."

"మామయ్యనా?"

అంతే, గదంతా ఏడుపు లంకించుకుంది. ఒకడు నా గరిటె పట్టుకుని వేలాడాడు. "తాతయ్యను కూడా కోసేసింది!" అని వేలెత్తి చూపించాడు. ఇన్నేళ్ల నా వంటలో ఉప్పెక్కువైందన్నారు, కారమెక్కువైందన్నారు గానీ, హంతకురాలినని ఎవరూ అనలేదు. అంతకుముందు కనీసం అన్నమైనా తినేవాళ్లు. ఆ రోజు పళ్లేలే ముట్టుకోలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"బాగా కలిపావు తల్లీ చుట్టరికం!" అన్నాను ఇంటికి వెళ్తూ. కోడలు ముఖం చిన్నబోయింది.

"రేపు కళ్లు పీకేస్తాను అత్తయ్యా" అంది.

"ఇంకా నయం! పిల్లలు జడుసుకుని జ్వరం తెచ్చుకుంటారు."

ఆ వారమంతా పళ్లేలు నిండుగానే తిరిగొచ్చాయి. బుడంకాయ అయితే బల్ల మీద మిగిలిన పొడుగు మామయ్యను చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని తిరిగింది. జారుడుబల్ల ఎక్కించింది, జోకొట్టి నిద్రపుచ్చింది. శుక్రవారం పొద్దున్నే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"వంట నానమ్మా! మామయ్యకు ఒంట్లో బాలేదు!"

నిజమే. మామయ్య ఒంటినిండా ముడతలు, నడుం వంగిపోయింది, ఒక కన్ను ఊడిపోయింది. బుడంకాయ వెనకే కోడలు, కోడలి వెనక తరగతంతా వచ్చి నిలబడ్డారు.

కోడలు నేల మీద కూర్చుంది. ఏదో ఒక అబద్ధం చెప్పి ఊరుకోబెడుతుందనుకున్నాను. చెప్పలేదు.

"మామయ్య బయట ఎక్కువ రోజులుండలేడమ్మా. వాడిపోతాడు."

"మరి ఎక్కడుంటే బాగుంటాడు?"

కోడలు నా వైపు చూసింది. బుడంకాయను దగ్గరకు తీసుకుంది.

"నీలో ఉంటే" అంది కోడలు మెల్లగా. "నువ్వు తింటే నీలో కలిసిపోతాడు. నీ కళ్లకు బలమిస్తాడు. ఇంక నిన్నొదిలి ఎక్కడికీ వెళ్లడు."

"నా కళ్లలో ఉంటాడా?"

"ఉంటాడు."

"మరి తాతయ్య?" అన్నాడు గరిటె పట్టుకుని వేలాడినవాడు.

"తాతయ్య కడుపులో ఉంటాడు. పొద్దున్నే దొడ్డికి కూర్చుంటే ఏడుపు రాకుండా చూసుకుంటాడు."

పిల్లలు పకపకా నవ్వారు. సిగ్గుల పిన్ని దెబ్బలు మానడానికి సాయం చేస్తుందని, సన్నన్నయ్యలు కండలకు బలమిస్తారని తేలాక ఎవరి మోచేతులు వాళ్లు, ఎవరి మోకాళ్లు వాళ్లు తడుముకోసాగారు.

బుడంకాయ మామయ్యను ఒకసారి నిమిరి నా చేతిలో పెట్టింది. "నెమ్మదిగా" అంది.

బస్తాలకు బస్తాలు తరిగిన చెయ్యి ఇది. అన్ని కళ్లు చూస్తుంటే మొదటిసారి కత్తి పట్టినట్టయింది. మామయ్యకు మిగిలిన కన్ను తీసి, కడిగి, చెక్కు తీసి, చక్రాలుగా తరిగాను. బుడంకాయ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి మింగింది. చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం దగ్గరకు పరుగెత్తి, కళ్లద్దాలు తీసి చూసుకుంది.

"కనపడట్లేదు!"

"ఇప్పుడే కదే వచ్చాడు! చెప్పులు విప్పుకుని కాస్త సర్దుకోనీ" అన్నాను.

గదంతా నవ్వింది, నా కోడలితో సహా.

మధ్యాహ్నం పెద్దమేడం వచ్చేసరికి వంటింటి ముందు తోపులాట. నాకు తాతయ్య కావాలంటే నాకు పిన్ని కావాలని ఒకటే గోల. మేడం బిత్తరపోయి చూస్తుండగానే పళ్లేలు ఖాళీ అయ్యాయి. ఆవిడకూ ఒక పళ్లెం పెట్టాను. బీన్స్‌ను పక్కకు నెట్టి తినబోయింది.

"సన్నన్నయ్యలను బయటే నిలబెట్టేశారేంటి మేడం?" అన్నాడు గరిటెవాడు.

మేడం వాటినీ ఏరుకుని తినేసింది. వెళ్తూ వెళ్తూ, "ప్యాకెట్ల మాట మర్చిపోండి" అంది. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్లను చూస్తే ఎంత గర్వంగా అనిపించిందో ఆమెకు చెప్పలేదు. చెబితే సోమవారానికి నా గరిటెలకు కూడా కళ్లు పెట్టేస్తుంది.

గిన్నెలు తోముతుంటే బుడంకాయ వచ్చింది. కళ్లద్దాలు తీసి, ముక్కు నా ముక్కుకు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టింది.

"ఏంటే అలా చూస్తున్నావు?"

"నేను కాదు, మామయ్య చూస్తున్నాడు. నీ వంటిల్లు బాగుందంట. ఇక్కడే ఉంటాడంట."

"ఉండమను" అన్నాను తడిచేత్తోనే దాన్ని దగ్గరకు లాక్కుని. "నేనూ ఇక్కడే ఉంటాను."