రెండు వేళ్ళ వదులు

టేపు బాబాయ్ చెల్లెలు పెళ్ళి చేసుకుంటానంటున్న మనిషి బట్టల కంపెనీలో మేనేజర్ట. ఆ ‘ట’ దగ్గరే అతనికి అనుమానం. చెల్లెలికి ముప్పై నాలుగేళ్ళు. అమ్మానాన్నా లేని పిల్లను పెంచినవాడు కాబట్టి, అవునో కాదో సాయంత్రంలోగా తేల్చాల్సింది అతనే. కాదంటే మరో సంబంధం వస్తుందన్న ఆశ లేదు. అవునంటే, తీరా వాడు మోసగాడైతే?

టేపు బాబాయ్ దర్జీ. షాపు బోర్డు మీద మాత్రం ‘డిజైనర్’ అని రాయించుకున్నాడు. ఏం చేస్తుంటారని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, సూది తోసి తోసి వేలికి కాసిన కాయ కనపడకుండా చెయ్యి జేబులో దాచి, “డిజైనింగ్” అనేవాడు. వీధి వీధంతా టేపు బాబాయ్ అనే పిలిచేది, అది వేరే సంగతి.

మాటల్లో దొరకని మనిషి కొలతల్లో దొరుకుతాడని అతని నమ్మకం. అందుకే పెళ్ళికోటు తానే కుడతానని ఆ మేనేజర్ని షాపుకి రమ్మన్నాడు.

వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, రెండు ఫోన్లు, మెడలో కంపెనీ కార్డు. కార్డు మాత్రం వెనక్కి తిరిగి ఉంది.

“మీటింగ్ మధ్యలోంచి వచ్చాను బావగారూ,” అన్నాడు. రెండు ఫోన్లలో ఒక్కటీ మోగలేదు.

“మీ కింద ఎంతమంది?”

“ఓ నలభై మందండీ.”

“కిందనా, పక్కనా?”

మేనేజరు నవ్వాడు గానీ, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. టేపు బాబాయ్ అది కూడా గుర్తుపెట్టుకున్నాడు.

ఛాతీ చుట్టూ టేపు వేశాడు. టేపు తగలగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మగవాణ్ణి ముప్పై ఏళ్ళలో అతను చూడలేదు. ఇతను మాత్రం హాయిగా ఊపిరి వదిలేశాడు. పైగా టేపు కిందికి తన రెండు వేళ్ళు దూర్చి వదులు చూశాడు. చూశాక, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పాము కాళ్ళు పాముకెరుక. టేపు బాబాయ్ ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. తనకున్న చోటే, మధ్యవేలి కొసన కాయ.

“ఎన్నేళ్ళుగా కుడుతున్నావ్?” ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

“పద్దెనిమిది,” అన్నాడు అతను తల వంచుకుని.

“నా చెల్లెలికి అబద్ధం చెప్పి పెళ్ళి చేసుకుందామనుకున్నావా?” అన్నాడు టేపు బాబాయ్ కోపంగా.

“తనకి మొదటిరోజే చెప్పేశాను బావగారూ. మీకు మేనేజర్నని చెప్పమన్నది తనే. ఈ కార్డు చేయించింది కూడా తనే.”

“ఎందుకట?”

అతను కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “దర్జీ అంటే మా అన్నయ్యకి నామోషీ, ఒప్పుకోడు అంది. చిన్నప్పుడు తనని బళ్ళో ఎవరైనా అడిగితే, అన్నయ్యది ఆఫీసు పనని చెప్పమని మీరే అనేవారట కదా.”

టేపు బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. సిగ్గేసింది, ఎదుటి మనిషిని చూసి కాదు, తనని తానే చూసుకుని. ఇంతలో ఫోను మోగింది. చెల్లెలే.

“ఏమన్నయ్యా, మేనేజరు నచ్చాడా?”

“మేనేజరు నచ్చలేదమ్మా. దర్జీ నచ్చాడు.”

చెల్లెలు మెల్లగా, “మరి వాళ్ళవాళ్ళకి నిన్నేమని పరిచయం చెయ్యను?” అంది.

కాయ కాసిన చెయ్యి జేబులో ఉందని అప్పుడు చూసుకున్నాడు. బయటికి తీశాడు.

“దర్జీ అనే చెప్పు,” అన్నాడు.