స్పీకరమ్మను లాగిన రోజు

కెనడా తూర్పు తీరాన ఉన్న ఆ చిన్న రాష్ట్రంలో రొజాలీ సురెట్ శాసనసభ స్పీకర్‌గా గెలిచింది. ఇక ఆచారం ప్రకారం ఆమె కుర్చీ ఎక్కనని మొరాయించాలి, ముఖ్యమంత్రీ ప్రతిపక్ష నాయకురాలూ చెరో రెక్కా పట్టుకుని లాక్కెళ్లాలి. వెనకటికి సభ మాట మోసుకెళ్లినప్పుడు ఇంగ్లండు రాజులకు కోపమొస్తే స్పీకర్ల తలలు ఎగిరిపోయేవి, ఆ కుర్చీ అంటేనే భయం మరి!

అందరూ కాసేపు బెట్టు నటించి ఎక్కేస్తారు. రొజాలీ పడవ మీద లాబ్‌స్టర్ బోనులు లాగి లాగి రాటుదేలిన మనిషి. ఆమె తన సీటు ముందున్న బల్ల అంచు పట్టుకునేసరికి లాగేవాళ్లిద్దరికీ చెమటలు పట్టాయి. ఆ ఇద్దరికీ ఎన్నికలప్పటి నుంచీ మాటల్లేవు. టీవీ కెమెరాల ముందు తిట్టుకోవడమే.

"సరిగ్గా లాగవయ్యా బాబూ!" అంది ప్రతిపక్ష నాయకురాలు బెవర్లీ.

"నీ వైపే కదలట్లేదు తల్లీ! నన్ను తిట్టేటప్పుడు ఉండే బలమంతా ఏమైంది?" అన్నాడు ముఖ్యమంత్రి మెకైజాక్.

"సర్లే, నువ్వు భుజం పట్టు, నేను మోచెయ్యి పడతా. ఇద్దరం ఒక్కసారే లాగుదాం."

"అయితే నువ్వే లెక్కపెట్టు."

"ఒకటి... రెండు..." మూడు అనేలోపే ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. పైన గ్యాలరీలో విలేకర్లు రాయడం మానేసి ఈలలేశారు.

రొజాలీ నవ్వుతున్న ఆ రెండు మొహాల్నీ మార్చి మార్చి చూసింది. కుర్చీ ఎక్కడికి పోతుందిలే అనుకుని, బల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.