బొట్టు పెట్టించుకున్న డిఫరెన్షియల్

నేను ఒక డిఫరెన్షియల్‌ని. రిమోట్‌తో నడిచే, నాలుగు చక్రాలకూ మోటారు బలం అందే బొమ్మ రేసుకారులో, వెనక చక్రాల నడుమ కూర్చునే గుప్పెడంత గేర్ల డబ్బాని. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఎవరి వాటా వాళ్ళకు పంచేది నేనే. నేను లేకపోతే గాజువాక కార్లన్నీ మలుపు తిరగలేక తిన్నగా సముద్రంలోకి పోయేవి. నమ్మండి.

మొదట గౌరినాయుడు నన్ను కొన్నాడు. నాలో చిక్కటి నూనె పోస్తే కారు మలుపులో మొండికేసింది. పలచటిది పోస్తే ఒక్క చక్రమే గిర్రున తిరిగి, కారు నిలబడిపోయింది. విసిగిపోయి నన్ను, తనలాగే కార్ల పందేలాడే అక్క మొగుడు పైడిరాజుకిచ్చేశాడు. వెల్డింగు పనివాడైన పైడిరాజు ఏం కలిపి పోశాడో గానీ అతని కారులో నేను కుదురుకున్నాను.

ఆ ఏడు ఊరి పందేల్లో బావా బావమరుదులు సమానంగా నిలిచారు. కోయంబత్తూరు పెద్ద పోటీకి గెలిచిన ఒక్కరే వెళ్ళాలి. ఆఖరి పందెం దసరా మర్నాడు.

పండగనాడు పైడిరాజు కారును పైపైన కడిగి పూజలో పెట్టబోయాడు. భార్య సత్తెమ్మ ఊరుకుందా?

"ఇప్పకుండా కడిగితే అది ఆయుధపూజేటయ్యా?"

విప్పాడు. ఆమె నా ఎడమ పక్కన కుంకుమ దిద్దింది. "బొట్టు కుడేపే ఉండాల!" అంది. అతను అలాగే బిగించాడు. నా కుడి ఎడమలు మారి నేను తిరగబడ్డానని ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు వాన. పందేనికి ముందు కారును కదిపి చూశాడు. ముందు చక్రాలు ముందుకి, నేను తిరగబడ్డందుకు నా చక్రాలు వెనక్కి! కారు ఉన్నచోటే బురద చిమ్మింది. ముందు అంటే ఎటో నాకే అర్థం కాలేదు.

"ఏటి బావా, నుయ్యి తవ్వుతన్నావా?" గౌరినాయుడు పగలబడి నవ్వాడు.

"నీళ్ళు పడితే నీకే ముందు పోత్తాన్రా!"

నన్ను విప్పే వ్యవధి లేదు. మోటారు నుంచి నా దగ్గరికొచ్చే ఇరుసును పైడిరాజు లాగి పారేశాడు. ఇక ముందు చక్రాలే దిక్కు. బురదలో గౌరినాయుడి కారు మలుపు మలుపుకీ తోక తిప్పింది. మాది ముక్కు పట్టుకు లాగినట్టు, నెమ్మదిగా, దారి తప్పకుండా పోయింది. గెలిచింది.

"కోయంబత్తూరే!" అంటూ పైడిరాజు కారెత్తి నన్ను కళ్ళకద్దుకున్నాడు. "అంతా దీని చలవే!"

సత్తెమ్మ దండం పెట్టింది. ఓడిన గౌరినాయుడు కూడా, ఎందుకైనా మంచిదని, పెట్టాడు. ఇన్నాళ్ళూ చక్రాలను నేనే తిప్పుతున్నాననుకున్నాను. ఆ పందెమంతా చక్రాలే నన్ను దొర్లించుకుపోయాయి. మరి గెలిపించిందెవరు? అడుగుదామంటే నోరు లేదు. ఉన్నా, దండాలు పూర్తయ్యాక అడుగుదును.