దాటనివాళ్ళ ఒడ్డు

వేడి రోలరు కిందనుంచి మరో దుప్పటి బయటికొచ్చింది. వర్డెల్ రెండు మూలలూ పట్టి లాగి మడత పెట్టింది. పెళ్ళైన ఏటినుంచీ ఆసుపత్రి లాండ్రీలో ఇదే పని. ఆవిరి తగిలి తగిలి ముంజేతులు నున్నబడ్డాయి. ఈ రోజు మాత్రం చెయ్యి మాటిమాటికీ జేబులోని దారపు ఉండ మీదికే పోతోంది.

అది ముసలి లువీనియా దారం. చర్చిలో ఆడవాళ్ళంతా కలిసి బానిసకాలపు కథ చెప్పే బొంత కుడుతున్నారు. నడుమ, బానిసత్వానికీ స్వేచ్ఛకీ సరిహద్దయిన ఒహాయో నది. పై ఒడ్డున, దాటిపోయి ఉత్తరాది నీలికోటు సైన్యంలో చేరినవాళ్ళు. కింది ఒడ్డున కెంటకీలో, దొరల దగ్గరే ఉండిపోయినవాళ్ళు. వర్డెల్ ముత్తాత దాటాడు కనుక పై ఒడ్డు కుట్టే వంతు ఆమెది. గుడ్డితల్లిని వదల్లేక లువీనియా ముత్తవ్వ ఆగిపోయింది. కింది ఒడ్డు లువీనియాది. చూపు మందగించి ఆమె కుట్లు పొడుగ్గా, వంకరగా పడ్డాయి. చూసినవాళ్ళు నవ్వుతారని, నిన్న ఎవరూ లేనప్పుడు వర్డెల్ అవన్నీ విప్పేసి, ఆ దారం ఉండ చుట్టి జేబులో వేసుకుని, తను సన్నగా కుట్టింది.

సాయంత్రం చర్చికి వెళ్ళేసరికి లువీనియా బొంత బిగించిన చట్రం ముందు కూర్చుని కింది ఒడ్డు తడుముతోంది.

"వచ్చావటే, పారిపోయినోళ్ళ పిల్లా! కాసేపు కూర్చో. మీ వంశానికి కాలు నిలవదు."

"మీ వంశం లేస్తే కదా పెద్దమ్మా, మాకు కుర్చీ దొరికేది!"

ముసలామె పకపకా నవ్వింది. "ఇదిగో, తడిమి చూడు. కళ్ళు పోయాయన్నారుగా అందరూ! ఎంత సన్నగా పడ్డాయో నా కుట్లు. మేమేం తక్కువ తిన్లేదే."

"పెద్దమ్మా, అవీ..."

"ఏంటే?"

"బాగున్నాయి."

లువీనియా హుషారుగా సూది అందుకుని మిగిలిన మూల కుట్టసాగింది. కాసేపటికి వేలితో రాసి చూసుకుంది. పాత కుట్ల మీదికి పోయింది వేలు. మళ్ళీ కొత్తవాటి మీదికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఈ వంకర కుట్టే నా చెయ్యి," అంది మెల్లగా.

వర్డెల్ తల వంచుకుంది. లువీనియా సూదిని గుడ్డలో గుచ్చి, కర్ర పట్టుకుని లేచి, అల్లుడి కారు కోసం తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

బయట హారన్ మోగింది. ఇప్పుడైనా చెప్పేద్దామని వర్డెల్ దారపు ఉండ పిడికిట బిగించి దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా, తప్పైపోయింది. నేనే విప్పాను."

లువీనియా తల గోడకు ఆనుకుని ఉంది. హారన్ మళ్ళీ మోగింది. ఆమె లేవలేదు. వర్డెల్ ఆమె ముక్కు దగ్గర వేలుంచితే ఊపిరి తగల్లేదు.

ఆమెను తీసుకుని అందరూ వెళ్ళాక చట్రం దగ్గర దీపం అలాగే వెలుగుతూ ఉండిపోయింది. కింది ఒడ్డు చివర నాలుగు వంకర కుట్లు, వాటి పక్కన దారం వేలాడుతున్న సూది.