తుడిచి చూపించిన ఇల్లు

సర్వేయరు వస్తున్నాడని ఎల్విరా ఇల్లంతా కడిగిపెట్టింది. అదే ఆమె చేసిన తప్పు. మా వీధిలో ప్రతి ఇంటా అదే తప్పు చేశాం.

లాస్ ఏంజిలిస్ కొండలు తగలబడినప్పుడు మంట మా వీధి చివరిదాకా వచ్చి ఆగింది. ఇళ్లు నిలబడ్డాయి గానీ పొగ లోపలే కాపురం పెట్టింది. మాలో చాలామందిమి కొండ మీది బంగళాలు ఊడ్చి, తుడిచి బతికేవాళ్లం. పరాయి మనిషికి మురికిల్లు చూపిస్తే పరువేం కావాలి? ఎల్విరా మోకాళ్ల మీద కూర్చుని మసంతా తుడిచింది. బీమా కంపెనీ సర్వేయరు హాస్కెల్ వచ్చి, ఆమె పోసిన కాఫీ తాగి, కిటికీ అంచు మీద వేలు రాసి చూసుకుని వెళ్లిపోయాడు. అటక ఎక్కలేదు, గోడ విప్పించలేదు.

వారానికి ఉత్తరం వచ్చింది. మరమ్మతులు అక్కర్లేదట. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలట, ఇంట్లో ఉండొచ్చట. పొగ నష్టానికీ పూచీ మాదేనని పాలసీలో రాసింది ఈ పెద్దమనుషులే. ఎల్విరా తల్లి చోనా, మంటలప్పుడు ఖాళీ చేసిన ఆ ఇంటికి తిరిగొచ్చాక ఊపిరాడక రెండుసార్లు ఆసుపత్రి పాలైంది.

చర్చి హాల్లో సమావేశం పెట్టాం. అన్ని ఇళ్లకూ ఒకే ఉత్తరం, పేర్లే వేరు. బస్సు డ్రైవరు అబ్రహాం ఎవరి లాయర్ని వాళ్లు పెట్టుకుందామన్నాడు. అలాగైతే ఎవరి గోతిలో వాళ్లు పడ్డట్టేనని నేనన్నాను. గంటసేపు అరుచుకున్నాం. చివరికి ఎల్విరా లేచింది.

"మనం తుడవబట్టే వాడికి కనబళ్లేదు. ఇక ఎవరూ గుడ్డ ముట్టుకోకండి. అటకలు విప్పండి."

విప్పాం. వేడి దిగకుండా పైకప్పు కింద పరిచిన దూది నల్లబడిపోయి, పట్టుకుంటే బూడిదై రాలింది. ఆ కంపుకి నేను బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. ఇంటికో బస్తా కట్టాం.

సోమవారం వీధి వీధంతా కంపెనీ ఆఫీసు మీదికి వెళ్లాం. మేనేజరు బయటికొచ్చి, ఎవరి ఫైలు వాళ్లదే కాబట్టి ఒక్కొక్కరే రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎల్విరా బస్తా మూతి విప్పి ఆయన తివాచీ మీద కుమ్మరించింది.

మేనేజరు ముక్కు మూసుకుని గోడకి అతుక్కుపోయాడు. ఆ ఆఫీసు ఊడ్చే బెర్టా, మా పక్క వీధి మనిషే, బకెట్టు పట్టుకొచ్చింది.

"ముట్టుకోకు. అందులో విషం ఉంటుంది. మాస్కులేసుకునే వాళ్లని పిలవండి," అన్నాడాయన.

అప్పటికే పదిమంది ఫోన్లు ఆయన ముఖం మీద పెట్టి వీడియో తీస్తున్నారు.

"మా అమ్మ పీల్చేదీ ఇదే కదయ్యా," అంది ఎల్విరా.

పోలీసులొచ్చి ఆమెకు బేడీలు వేశారు. కంపెనీ ఆస్తి పాడుచేసిందట. మా ఇళ్లలో నెలల తరబడి కనబడని నష్టం, బూట్లు తుడుచుకునే ఆ తివాచీలో క్షణంలో కనబడింది వాళ్లకి. థూ!

మిగతావాళ్లని ఇళ్లకి పొమ్మన్నాడు పోలీసు.

"ఏ ఇంటికి పొమ్మంటావు బాబూ? అందులో ఉండొచ్చని రాసిన వాళ్లనే వెళ్లి ఉండమను," అన్నాడు అబ్రహాం. అని తన బస్తా కట్టు విప్పాడు.

అతని వెనక నేను నాది విప్పాను. బెర్టా బకెట్టు పక్కనబెట్టి, బయటున్న వాళ్లు లోపలికి రావడానికి తలుపు తెరిచి పట్టుకుంది.