వీధికంతటికీ ఒకే ఫ్రిజ్

నేను ఒక ఫ్రిజ్‌ని. నా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి చల్లదనమంతా వంటింట్లోకి పోతోంది, అయినా మూయాలని ఎవరికీ తోచడం లేదు. నా ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో వేలెడంత మందు సీసా ఉంది. సీసా నిండుగానే ఉంది, కానీ లోపలి మందులో ఇక పస లేదు.

"వేడి తగిలి పాడైందన్నారు డాక్టరుగారు," అంది రత్నమాంబ. గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. "ఒకసారి కాదంట, చాలాసార్లంట. నీ ఫ్రిజ్‌లో పెట్టిన మందుకి వేడెట్టా తగిలింది హైమా?"

అక్కడికి కాస్త దూరంలో, ఆసుపత్రి మంచం మీద ఆమె కూతురు వనజ స్పృహ లేకుండా పడి ఉంది. ఇంకా మూడో తరగతి దాటని పిల్ల. ఒంట్లో చక్కెర అదుపు తప్పే జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది పడాల్సిందే, ఆ మందు చల్లటి చోట ఉండాల్సిందే. బెజవాడ సత్యనారాయణపురంలోని ఆ వీధి మొత్తానికి రోహిణి కార్తెలో చల్లగా ఉండే చోటు ఒక్కటే. అది నా కడుపు.

దోషి ఎవరో నాకు తెలుసు. ఈ కథలో మొదటినుంచీ తెలిసింది నాకొక్కదానికే. కానీ నన్ను తయారుచేసిన వాళ్లు లోపల దీపం పెట్టారు, తలుపుకి తాళం పెట్టారు, కోడిగుడ్లకి గుంటలు కూడా పెట్టారు. నోరు పెట్టడం మాత్రం మరిచిపోయారు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో. గుండ్రటి భుజాలు, మీగడ రంగు ఒళ్లు, వెనకాల నల్లటి మోటారు. గూడ్సు బండిలో బెజవాడ దిగి, గోనెసంచులు చుట్టుకుని రిక్షా ఎక్కి ఆ ఇంటికి చేరాను. హైమవతి హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె భర్త సదాశివరావు రైల్వే గార్డు, ఇంట్లోకన్నా బండిలో ఎక్కువ ఉండేవాడు. నాకోసం వంటింటి మూల ఇటుకల అరుగు కట్టించి, గోడకి దగ్గరగా నిలబెట్టించారు. మధ్య సన్నటి సందు మిగిలింది.

నన్ను చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. హైమవతి అత్తగారు సీతారావమ్మ అందరికన్నా చివర వచ్చింది. భర్త పోయాక దివిసీమలో పొలం కౌలుకిచ్చి, ఎడ్లని అమ్మి, ఒక ట్రంకుపెట్టెతో కొడుకు దగ్గరికి చేరిన మనిషి ఆవిడ. ఇది ఏం తింటుందని అడిగింది. కరెంటన్నారు. ఎంతసేపు పనిచేస్తుందని అడిగింది. రాత్రింబవళ్లూ అన్నారు. ఆవిడ నా పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమిరి, "పాపం," అంది. ఆ తర్వాత పసుపు తెచ్చి నా తలుపుకి రాయబోయింది. రంగు పోతుందని కోడలు ఆపేసింది.

నేను రాకముందు ఆ ఊరు ఎలా బతికేదో నాకు తెలుసు, ఎందుకంటే వచ్చినవాళ్లంతా అదే చెప్పుకునేవారు. నీళ్లు ఇసకలో పెట్టిన కుండలో చల్లబడాలి. కూరగాయలు ఏ పూటవి ఆ పూటే తెచ్చుకోవాలి. రాత్రి తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నానికి అయిపోవాలి. మిగిలింది ఎవరో ఒకరికి పెట్టేయాలి. దాచుకోవడమన్నదే లేదు. అందుకే నేను రాగానే వాళ్లకి దాచుకోవాలన్న ఆశ పుట్టింది, అది చూడముచ్చటగా ఉండేది. ప్రతి ఇంటినుంచీ ఒక స్టీలు గిన్నె వచ్చింది. గిన్నె అంచున ఇంటావిడ పేరు చెక్కి ఉండేది కాబట్టి తగువుల్లేవు. ఒక గిన్నెలో అట్లపిండి, ఒక గిన్నెలో మీగడ, తడిబట్టలో చుట్టిన మల్లెలు, రంజాన్ నెలలో ఎదురింటి ఖుర్షీదమ్మ షర్బత్. నా తాళంచెవి తలుపు వెనక మేకుకి వేలాడేది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తాళం ఉన్నది దేనికని సదాశివరావు ఒకసారి అడిగితే, కంపెనీవాళ్లు ఇచ్చారు కాబట్టి అని హైమవతి జవాబిచ్చింది.

రత్నమాంబ మేడ మీది వాటాలో అద్దెకుండేది. ఆమె భర్త ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టేవాడు. మద్రాసు నుంచి ఎవరిచేతో తెప్పించుకున్న మందు సీసాల్ని దూదిలో చుట్టి, నా పై అరలో ఒక మూల పెట్టుకునేది. ఆ మూలకి ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదు. పొద్దున్నే వనజ మెట్లు దిగి వచ్చి తలుపు తీసి, "ఫ్రిజ్ తాతా, నా మందు," అనేది. అంత లేతవయసులో నన్ను తాతను చేసేసింది. నేను మోటారు కాస్త గట్టిగా తిప్పి పలికేదాన్ని.

అప్పుడప్పుడూ పెరుగు పులిసేది, మల్లెలు వాడేవి, పిండి పొంగి గిన్నె దాటేది. ఎండలు అలా ఉన్నాయని సరిపెట్టుకునేవారు. అమావాస్యనాడు మాత్రం గిన్నెలకోసం ఎవరొచ్చినా, ఇవాళ ఇచ్చిపుచ్చుకోవడాలు కుదరవమ్మా, రేపు రండని సీతారావమ్మ గుమ్మంలోంచే పంపేసేది. పెద్దావిడ పట్టింపు కాబట్టి ఎవరూ ఏమనుకోలేదు.

ఇక ఆ రోజుకి వద్దాం.

ఆ ముందువారం సదాశివరావు పైఅధికారి భోజనానికి వచ్చాడు. మామిడిపళ్లు, రసం గిన్నెలు పెట్టడానికి హైమవతి నా అరలన్నీ ఖాళీ చేసి తుడిచింది. ఆ కాసేపు మందు సీసాలు వంటగట్టు మీద ఉన్నాయి. మెట్లు దిగుతున్న రత్నమాంబ అది చూసింది. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు అంది.

"మామిడిపళ్లకి చోటు కావాల్సొచ్చింది నీకు. ఇంకెన్నిసార్లు బయటపెట్టావో."

"అర తుడిచినంతసేపే అక్కా. ఆ ఒక్కసారే."

"డాక్టరుగారు చాలాసార్లన్నారు."

"వనజ నా బిడ్డ కాదా అక్కా?"

రత్నమాంబ తన పేరున్న గిన్నె తీసుకుంది, మిగిలిన సీసాలు తీసుకుంది, వెళ్లిపోయింది. నా తలుపు ఆమే మూసింది. నెమ్మదిగా మూసింది. ధడాలున వేసి ఉంటే హైమవతికి అంత దెబ్బ తగిలేది కాదు.

లెక్కలు చెప్పే మనిషి కాబట్టి హైమవతి ఆ లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవాలని చూసింది. నా తలుపు రబ్బరు చూసింది, లోపలి చక్రం తిప్పి చూసింది, గిన్నెలో నీళ్లు పెట్టి చేత్తో ముట్టుకుని చూసింది. నేను ఎప్పటిలాగే చల్లగా ఉన్నాను. నా చల్లదనమే ఆమె మీద సాక్ష్యమైపోయింది. ఫ్రిజ్ బాగానే ఉంటే తప్పు మనిషిదేగా. సీతారావమ్మ కోడలి మొహం చూసి, ఏం జరిగిందో సగం వినీ సగం వినకా, వనజ కోసం కొండ మీది అమ్మవారికి మొక్కుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఆ సన్నటి చెయ్యి నా మీద ఆన్చి చాలాసేపు నిలబడింది.

వనజ బతికింది. కొత్త మందు పడ్డాక తేరుకుంది. కానీ రత్నమాంబ ఆ నెలలోనే వాటా ఖాళీ చేసి పటమట వెళ్లిపోయింది. వీధిలో ఎవరూ హైమవతిని పల్లెత్తు మాట అనలేదు. గిన్నెలు మాత్రం ఒక్కొక్కటే వెనక్కి వెళ్లాయి. పిండి ఇప్పుడు తక్కువే రుబ్బుకుంటున్నామని ఒకరు, మా ఆయనకి చల్లటివి పడవని ఒకరు. హైమవతి సాయంత్రం బడినుంచి వచ్చి నా తలుపు తీసి, ఖాళీ అరల వంక చూసి మూసేది. తాళంచెవి మాత్రం ఆ మేకుకే ఉంచింది. ఎన్నేళ్లయినా తియ్యలేదు.

ఆ తర్వాత ఊరు పరుగందుకుంది. దాన్ని చూస్తుంటే నాకు ముచ్చటేసేది. పాల సీసాలు పోయి ప్యాకెట్లొచ్చాయి. రుబ్బురోలు పెరట్లోకి పోయి గ్రైండరు గట్టెక్కింది. ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది. నాకన్నా పొడుగువి, రెండు తలుపులవి. గిన్నె మీద పేరు చెక్కించుకోవాల్సిన అవసరమే పోయింది. మ్యాట్నీకి గుంపుగా వెళ్లే ఆడవాళ్లు టీవీ ముందు కూర్చున్నారు, వాళ్ల కూతుళ్లు స్కూటీలెక్కి ఉద్యోగాలకి వెళ్లారు. మనుషులు మంచి తెలివైనవాళ్లు. ఒకప్పుడు వీధికి ఒకటి చాలనుకున్నారు, తర్వాత ఇంటికొకటి ఉన్నా చాలలేదు, ఇప్పుడు ఫోన్‌లో వేలితో నొక్కితే బిర్యానీ గుమ్మంలోకి వస్తోంది, మిగిలింది ఫ్రిజ్‌లోకి పోతోంది, మర్నాడు చెత్తబండిలోకి పోతోంది. వెక్కిరిస్తున్నాననుకోకండి. చన్నీళ్ల కోసం పక్కింటి గుమ్మంలో నిలబడే అవసరం తప్పించడానికి ఈ మనుషులు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

సీతారావమ్మ కన్నుమూసింది. ఆ తర్వాత చాలా ఏళ్లకి నా మోటారు ఆగిపోయింది. బాగుచేయించడం దండగన్నారు. కానీ హైమవతి నన్ను అమ్మలేదు, కదిలించనూ లేదు. బీరువాని చేసింది. మొదట ఊరగాయ జాడీలు, తర్వాత సదాశివరావు మందులు, ఆయన పోయాక పెళ్లి శుభలేఖలు, పాత ఛార్జర్లు, హోటలు పార్సిళ్లలో మిగిలిన సాస్ పొట్లాలు. ఉద్యోగం చెయ్యకపోయినా కడుపు నిండుగానే ఉండేది.

ఆఖరికి ఆ ఇంటిని అపార్టుమెంటు కోసం పడగొట్టే రోజొచ్చింది. హైమవతికి అదే చోట మూడో అంతస్తులో ఫ్లాటు వస్తుంది. అందాకా కూతురింట్లో ఉంటుంది. పాత సామాను కొనే మస్తాన్ ట్రాలీ ఆటోతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

దిగినావిడ జుట్టు సగం నెరిసింది. చేతికి గుండీ అంత బిళ్ల అంటించి ఉంది, ఒంట్లో చక్కెర ఎంతుందో అది ఫోన్‌కి చెబుతుందట. మందు పెన్నులా ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. నన్ను చూడగానే ఆగిపోయి, "ఫ్రిజ్ తాతా," అంది.

వనజ. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరట. ఇల్లు పడగొడుతున్నారని విని నాకోసం వచ్చిందట.

"దీన్ని నాకివ్వండి పిన్నీ."

"అది పనిచెయ్యదు కదే అమ్మా."

"నేను పనిచేస్తున్నాగా పిన్నీ. దాని పుణ్యమే."

హైమవతి నవ్వబోయి ఆగింది. కారు వైపు చూసింది. వెనక సీట్లో ఒక తెల్లటి తల కనబడుతోంది. అమ్మ కూడా వచ్చిందనీ, ఈ గుమ్మం మాత్రం ఎక్కనంటోందనీ వనజ తలొంచుకుని చెప్పింది. హైమవతి లోపలికెళ్లి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి కారు దగ్గరికి పంపింది. గ్లాసు నిండుగానే తిరిగొచ్చింది.

మస్తాన్, అతని మనిషీ నన్ను పట్టుకుని గోడనుంచి లాగారు. ఆ గోడా నేనూ విడిపోవడం అదే మొదటిసారి. నన్ను అటు తిప్పగానే మస్తాన్ చేతులు ఆగిపోయాయి.

"ఇదేందమ్మా, గుళ్లో అమ్మోరిలా ఉందే."

నా నల్లటి మోటారు మీద పసుపు పూత. ఒక పూత మీద ఇంకో పూత, ఎండి పెచ్చులు కట్టి ఉంది. దాని మీద కుంకుమబొట్లు. పైపు చుట్టూ ఎద్దు మెడలో కట్టే గవ్వల పట్టెడ. గోడ మీద నా స్విచ్చు పక్కన కూడా మాసిన బొట్టొకటి.

హైమవతి ఆ పట్టెడని గుర్తుపట్టింది. అది దివిసీమనుంచి ట్రంకుపెట్టెలో వచ్చింది. ఆమె కళ్లు బొట్టునుంచి స్విచ్చుకి, స్విచ్చునుంచి నా పై అరకి వెళ్లాయి. అన్నేళ్లుగా కుదరని లెక్క అక్కడ కుదిరిపోయింది.

ఎవరు పెట్టారు పిన్నీ ఇవన్నీ అని వనజ అడిగింది. ఒక్క పేరు చెబితే చాలు. కారులో ఉన్న మనిషికి వినబడేలా చెబితే, తన మీద పడ్డ మచ్చ పోతుంది. హైమవతి పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి. పోయిన మనిషి తిరిగొచ్చి తన మాట తాను చెప్పుకోలేదు కదా.

"పాతకాలం సంగతిలే అమ్మా," అంది. "మస్తానూ, తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యి."

నేను ఎంతోమందిని చూశాను. నా వెనక ఉన్న ఆ ఒక్క సాక్ష్యాన్ని తానే తుడిపించబోయిన ఆ మనిషికన్నా గొప్పదాన్ని చూడలేదు. మస్తాన్ గుడ్డ తడిపి తెచ్చాడు.

వనజ అతణ్ని ఆగమంది. ఈ కాలం మనుషులు దేన్నైనా ముందు ఫొటో తీస్తారు, ఆలోచన తర్వాత. ఆ అలవాటుని నేను ఎన్నోసార్లు లోలోపల వెక్కిరించాను, ఆ రోజుతో మానేశాను. ఆమె నా వీపు ఫొటో తీసి, కారు దగ్గరికెళ్లి తల్లికి చూపించింది.

చాలాసేపు కారు తలుపు తెరుచుకోలేదు. తర్వాత తెరుచుకుంది. రత్నమాంబ కూతురి భుజం పట్టుకుని దిగింది, గేటు దాటింది, ఎక్కనన్న గుమ్మం ఎక్కింది. వంగి నా మోటారుని చూసింది. వేలితో పసుపు పెచ్చు తాకింది. ఎవరి వంకా చూడకుండా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"పెద్దావిడ మోకాళ్లకి ఆముదం రాయించుకునేది నాచేత. రాస్తుంటే ఎడ్ల కబుర్లే. అమావాస్యనాడు కాడి కట్టకూడదే అమ్మాయ్, ఏడాదంతా చాకిరీ చేసే గొడ్డుకి ఆ ఒక్కరోజూ సెలవియ్యాలి, కడిగి పసుపు రాసి బొట్టెట్టాలి అనేది. పాపం దీనికి సెలవే లేదంటూ ఈ ఫ్రిజ్ వంక చూసేది. నేను నవ్వేదాన్ని." ఆమె తలెత్తింది. "అమావాస్యకే కదూ మన పెరుగులు పులిసేది? నువ్వు బడికెళ్లేదానివి. నువ్వటు వెళ్లగానే స్విచ్చు ఆపి, నువ్వొచ్చేలోగా మళ్లీ వేసేసుంటుంది."

హైమవతి ఆమెని ఆపబోయింది. "వద్దక్కా. ఆవిడకి తెలియదు."

"తెలియదే. నాకూ తెలియలేదు." రత్నమాంబ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వనజకీ మస్తాన్‌కీ వీధిలో ఆగి చూస్తున్నవాళ్లకీ అందరికీ వినబడేలా గొంతు పెంచింది. ఆ రోజు పెంచని గొంతు.

"నువ్వు కాదే హైమా. నా పిల్ల మందు పాడుచేసింది నువ్వు కాదు. సీతారావమ్మ పిన్నిగారు."